‘పర్మిషన్ డినైడ్’ వచ్చినప్పుడు ఏం చేయాలి?

పాశమైలారంలోనో పటాన్‌చెరులోనో షిఫ్టు ముగించుకొని, ఇస్నాపూర్ చౌరస్తాలో షేర్ ఆటో దిగి, చిట్కుల్‌లోని అద్దె గదికి చేరి, అన్నం తిన్నాక ల్యాప్‌టాప్ తెరిచే యువతీయువకుల కోసం ఈ అధ్యాయం రాస్తున్నాను. కెమిస్ట్‌గానో ఆపరేటర్‌గానో పగలు పని చేస్తూ, రాత్రి లైనక్స్ నేర్చుకొని ఐటీ వైపు వెళ్లాలనుకునేవాళ్లు మీరు. ఆ దారిలో మొదటి వారంలోనే ఎదురయ్యే ఆటంకం ఒకటుంది. నాలుగు వరుసల స్క్రిప్ట్ రాస్తారు, నడపబోతారు, టెర్మినల్ ‘పర్మిషన్ డినైడ్’ అంటుంది. రాసిన నాలుగు వరుసల్లో తప్పేమిటో తెలియక గంటసేపు వాటినే మార్చి మార్చి చూస్తారు. తప్పు ఆ వరుసల్లో ఉండదు.

ఈ దశలో చాలామందికి ఎవరో ఒకరు రెండు మందుల్లో ఒకటి చెబుతారు. కమాండ్ ముందు ‘సుడో’ తగిలించమని ఒకరు, ‘సీహెచ్‌మాడ్ 777’ కొట్టమని ఇంకొకరు. చాలాసార్లు పని జరుగుతుంది, అదే అసలు చిక్కు. ఎందుకు ఆగిందో తెలియదు, ఎందుకు నడిచిందో కూడా తెలియదు. రెండేళ్ల తర్వాత ఒక కంపెనీ సర్వర్ మీ చేతికి వచ్చినప్పుడు అదే అలవాటు చేతుల్లో ఉంటుంది. అందుకే ఈ అలవాటు పడకముందే ఆపాలని నా పట్టుదల.

ముందుగా ఒక మాట. ఈ పుస్తకంలో కమాండ్లన్నీ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడాలి. సీహెచ్‌మాడ్ అంటే సి, హెచ్, ఎం, ఓ, డి అనే ఐదు అక్షరాలు. ఎల్‌ఎస్ అంటే ఎల్, ఎస్. యూనిక్స్‌లో పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు.

ఒక ఉదాహరణతో మొదలుపెడదాం. ల్యాబ్ నుంచి వచ్చిన ఆ రోజు రిపోర్టు ఫైళ్లను తేదీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోకి కాపీ చేసే చిన్న స్క్రిప్ట్ రాశారనుకుందాం. దాని పేరు రిపోర్ట్.ఎస్‌హెచ్. నడపడానికి పేరు ముందు చుక్క, ఏటవాలు గీత పెట్టి ‘./రిపోర్ట్.ఎస్‌హెచ్’ అని కొట్టారు. పర్మిషన్ డినైడ్. ఇప్పుడు స్క్రిప్ట్‌ను తెరవకండి. ‘ఐడీ’ అని కొట్టండి. మీరు ఏ యూజరో, ఏయే గ్రూపుల్లో ఉన్నారో చూపిస్తుంది. తర్వాత ‘ఎల్‌ఎస్ -ఎల్ రిపోర్ట్.ఎస్‌హెచ్’ కొట్టండి. ఆ ఫైలు ఎవరిదో, ఏ గ్రూపుదో, ఎవరికి ఏ హక్కు ఉందో ఒకే వరుసలో వస్తుంది. నేనెవరిని, ఇది ఎవరిది, నాకు ఇందులో ఏం చేసే వీలుంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాకముందు ఏ మార్పూ చేయకండి.

ఆ వరుస మొదట్లో పది గుర్తులుంటాయి. మొదటిది అది ఏ రకమో చెబుతుంది: అడ్డగీత ఉంటే మామూలు ఫైలు, ‘డి’ ఉంటే డైరెక్టరీ. మిగిలిన తొమ్మిదీ మూడేసి చొప్పున మూడు గుంపులు. మొదటి మూడు ఫైలు యజమానివి, మధ్యవి గ్రూపువి, చివరివి మిగతా అందరివి. ప్రతి గుంపులోనూ వరుస ఒకటే: ఆర్ అంటే చదవడం, డబ్ల్యు అంటే మార్చడం, ఎక్స్ అంటే నడపడం. హక్కు లేని చోట అడ్డగీత ఉంటుంది. కొత్తగా రాసిన రిపోర్ట్.ఎస్‌హెచ్ దగ్గర యజమానికి ఆర్, డబ్ల్యు కనిపిస్తాయి, గ్రూపుకూ ఇతరులకూ సాధారణంగా ఆర్ ఒక్కటే. ఎక్స్ ఎక్కడా ఉండదు. స్క్రిప్ట్ ఆగింది అందుకే.

మీరే రాసిన ఫైలుకు మీకే నడిపే హక్కు ఎందుకు రాలేదు? ఎడిటర్ కొత్త ఫైలు తయారుచేసేటప్పుడు అందరికీ చదివే, మార్చే హక్కులు మాత్రమే అడుగుతుంది. అంకెల్లో అది 666, ఆ లెక్క కాసేపట్లో చెబుతాను. అందులోంచి యూమాస్క్ అనే అమరిక కొన్నింటిని తీసేస్తుంది. చాలా సిస్టమ్‌లలో యూమాస్క్ 022, కాబట్టి మిగిలేది 644. కొన్నింటిలో 002, అప్పుడు 664. ఏ లెక్కలోనూ ఎక్స్ రాదు. ఇది కావాలని పెట్టిన పద్ధతి. డౌన్‌లోడ్ చేసిన ప్రతి ఫైలూ, మెయిల్‌లో వచ్చిన ప్రతి ఫైలూ పుట్టుకతోనే నడిచే హక్కుతో వస్తే ఏమవుతుందో ఆలోచించండి. నడపాలన్న నిర్ణయం మనిషి విడిగా, తెలిసి తీసుకోవాలని యూనిక్స్ కోరుతుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ రూపొందించిన యూనిక్స్‌కు మొదటి మాన్యువల్ 1971 నవంబర్‌లో వచ్చింది. హక్కులు మార్చే సీహెచ్‌మాడ్ కమాండ్ అందులోనే ఉంది. అప్పటికి గ్రూప్ అనే మధ్య వర్గం లేదు. యజమాని, యజమాని కానివాళ్లు, అంతే. నడిపే బిట్ కూడా అందరికీ కలిపి ఒక్కటే. గ్రూపు, మూడు మూళ్ల తొమ్మిది గుర్తులు ఆ తర్వాతి సంవత్సరాల్లో వచ్చాయి. అర్ధ శతాబ్దం గడిచాక మీ గదిలోని ల్యాప్‌టాప్‌లో కనిపిస్తున్నవి అవే తొమ్మిది.

అంకెల లెక్క తేలికే. చదవడం 4, మార్చడం 2, నడపడం 1. కావలసినవి కూడితే ఒక అంకె వస్తుంది. యజమానికి మూడూ కావాలంటే 7, చదివి నడపడం వరకే అయితే 5, చదవడం వరకే అయితే 4. మూడు గుంపులకు మూడు అంకెలు. మీ స్క్రిప్ట్ మీరొక్కరే వాడితే ‘సీహెచ్‌మాడ్ 700 రిపోర్ట్.ఎస్‌హెచ్’. మీ గ్రూపువాళ్లు కూడా నడపాలి, మార్చకూడదు, బయటివాళ్లు చదవనూ కూడదు, నడపనూ కూడదు అనుకుంటే 750. అందరూ నడపవచ్చు, మార్చేది మీరొక్కరే అంటే 755. అంకెలు గుర్తుండకపోతే ‘సీహెచ్‌మాడ్ యు+ఎక్స్’ అని రాయండి, యు అంటే యజమాని. ఉన్న హక్కుల్ని కదిలించకుండా యజమానికి నడిపే హక్కు ఒక్కటి కలుస్తుంది. మొదటి నెలంతా ఇదే వాడమంటాను. ఎవరికి ఏం ఇస్తున్నారో అందులో కళ్లకు కనబడుతుంది.

మందుల కంపెనీలో పనిచేసేవాళ్లకు 755 అర్థం చేసుకోవడం ఐటీ కోర్సు చదివినవాళ్ల కంటే సులభం అని నా నమ్మకం. మీ బ్లాక్‌లో ఎస్‌ఓపీని, అంటే పని చేసే పద్ధతి రాసిన పత్రాన్ని, గుర్తు తెచ్చుకోండి. ఆపరేటర్ దాన్ని చదువుతాడు, అందులో ఉన్నట్టే పని చేస్తాడు, కానీ దాని మీద ఒక్క అక్షరం మార్చే అధికారం అతనికి లేదు. మార్చాలంటే నాణ్యత చూసే క్యూఏ విభాగం ఆమోదం ఉండాలి. చదవడం ఉంది, నడపడం ఉంది, మార్చడం లేదు. అంకెల్లో రాస్తే 5. ఆపరేటర్ మీద నమ్మకం లేక అలా పెట్టలేదని మీకు తెలుసు. రేపు బ్యాచ్ తేడా వస్తే ఎవరు ఏం చేశారో తేల్చగలగాలి, అందుకు.

ఈ పోలికకు చట్టం బలం కూడా ఉంది. అమెరికాకు మందులు పంపే కంపెనీలు అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధనలు పాటించాలి. అందులో ఎలక్ట్రానిక్ రికార్డులకు సంబంధించిన 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 అనే భాగం 1997లో అమల్లోకి వచ్చింది. సిస్టమ్‌లోకి అధికారం ఉన్నవాళ్లే ప్రవేశించేలా కట్టడి ఉండాలని అది స్పష్టంగా చెబుతుంది. 2018 డిసెంబర్‌లో డేటా ఇంటెగ్రిటీ మీద ఎఫ్‌డీఏ ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకో అడుగు వేశాయి. రికార్డుల్లోని సమాచారానికి బాధ్యులైనవాళ్ల చేతిలో అడ్మినిస్ట్రేటర్ పాత్ర ఉండకూడదని, ఆ పని వేరేవాళ్లకు అప్పగించాలని సూచించాయి. ఒకే లాగిన్‌ను నలుగురు పంచుకోవడాన్నీ తప్పుపట్టాయి. పరీక్ష చేసిన కెమిస్టే నచ్చని ఫలితాన్ని చెరిపేయగలిగితే ఆ ల్యాబ్ ఇచ్చిన ఏ సర్టిఫికెట్‌కు విలువ ఉంటుంది? హెచ్‌పీఎల్‌సీ కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు ఆడిట్ రోజుల్లో ఈ మాటలు చెవుల్లో మోగుతుంటాయి. పగలు కంపెనీలో ఆచరిస్తున్న క్రమశిక్షణ రాత్రి టెర్మినల్ ముందు మరిచిపోవలసిన పని లేదు. 777 అంటే ఎస్‌ఓపీని గేటు దగ్గర పెట్టి, వచ్చినవాళ్లందరికీ పెన్ను ఇవ్వడం.

777తో నష్టం ఎక్కడ జరుగుతుందో విడమరిచి చెప్పాలి, లేకపోతే ఇది ఉత్త హెచ్చరికగా మిగిలిపోతుంది. రిపోర్ట్.ఎస్‌హెచ్‌ను ప్రతి రాత్రి రెండింటికి తనంతట తానే నడిచేలా క్రాన్‌లో పెట్టారనుకోండి. క్రాన్ దాన్ని మీ పేరు మీద, మీ హక్కులతో నడుపుతుంది. ఫైలు 777లో ఉంది కాబట్టి, దాని దాకా దారి తెరిచి ఉంటే, ఆ సర్వర్‌లో ఖాతా ఉన్న ఎవరైనా అందులో ఒక వరుస కలపవచ్చు. రాత్రి రెండింటికి ఆ వరుస మీ చేతులతో చేసిన పనిగా నడుస్తుంది. అది సర్వాధికారాలున్న రూట్ యూజర్ క్రాన్ అయితే సర్వర్ మొత్తం పరాయివాడి చేతిలోకి పోయినట్టే. సర్వర్లలోకి చొరబడేవాళ్లు మొదట వెతికేవాటిలో ఇదొకటి: రూట్ నడిపే, ఎవరైనా మార్చగలిగే స్క్రిప్ట్.

ఇప్పుడు కమాండ్‌ను రూట్ హక్కులతో నడిపే సుడో సంగతి చూద్దాం. ఎక్స్ లేని స్క్రిప్ట్‌ను సుడోతో నడపబోతే ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అంటుంది. ఫైలు కళ్లెదుట ఉండగా దొరకలేదనడం చూసి కొత్తవాళ్లు కంగారు పడతారు. రూట్ యూజర్‌కు చదవడానికీ మార్చడానికీ అడ్డు లేదు. నడపడానికి మాత్రం మూడు గుంపుల్లో కనీసం ఒకచోట ఎక్స్ ఉండాలి. రూట్‌కు కూడా మినహాయింపు లేని చోటు ఇది. ఎక్స్ ఇచ్చాక కూడా సుడోతోనే నడిపితే ఇంకో చిక్కు తయారవుతుంది. స్క్రిప్ట్ తయారుచేసిన ఫోల్డర్లు, లాగ్ ఫైళ్లు అన్నీ రూట్ పేరు మీద పడతాయి. మర్నాడు సుడో లేకుండా నడిపితే తన లాగ్ ఫైల్లోనే రాయలేక స్క్రిప్ట్ ఆగిపోతుంది. మళ్లీ పర్మిషన్ డినైడ్, మళ్లీ సుడో. ఒక్కసారి అనవసరంగా వాడిన సుడో తర్వాతి వారమంతా సుడోనే అడుగుతుంది. అలాంటి స్థితి వస్తే ‘సీహెచ్‌ఓన్’తో ఆ ఫైళ్లను తిరిగి మీ పేరు మీదికి తెచ్చుకోండి.

ఇక్కడొక సందేహం తెలివైనవాళ్లకు వస్తుంది. ‘బాష్ రిపోర్ట్.ఎస్‌హెచ్’ అని కొడితే ఎక్స్ లేకపోయినా నడుస్తోంది కదా? నడుస్తుంది. అప్పుడు నడుస్తున్న ప్రోగ్రామ్ మీ కమాండ్లు అందుకునే షెల్ అయిన బాష్, దానికి ఎక్స్ ఎప్పుడో ఉంది. మీ ఫైలు అది చదువుకునే పాఠం మాత్రమే, కాబట్టి చదివే హక్కు చాలు. మరి ‘./’ పెట్టి నేరుగా నడిపినప్పుడు ఏం జరుగుతుంది? సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్ ముందు ఎక్స్ ఉందో లేదో చూస్తుంది. ఉంటే మొదటి వరుసలో ‘#!’ పక్కన ఏ ఇంటర్‌ప్రెటర్ (స్క్రిప్ట్‌ను చదివి నడిపే ప్రోగ్రామ్) పేరు ఉందో చూసి దాన్ని లేపుతుంది, ఫైలును దాని చేతికిస్తుంది. ఈ ‘#!’ ఏర్పాటును డెనిస్ రిచీ 1980 జనవరిలో ప్రకటించారు. ఇంటర్‌ప్రెటర్ ఫైలును మళ్లీ తెరిచి చదవాలి కనుక స్క్రిప్టుకు ఆర్, ఎక్స్ రెండూ కావాలి. కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌కైతే ఎక్స్ ఒక్కటే సరిపోతుంది.

దీనిలోంచి తేలే విషయం ఒకటి చాలామంది పట్టించుకోరు. స్క్రిప్ట్‌ను ఇతరులు నడపాలంటే చదవనివ్వక తప్పదు. చదవగలిగినవాళ్లు కాపీ చేసుకొని తమ పేరు మీద కూడా నడుపుకోగలరు. కాబట్టి డేటాబేస్ పాస్‌వర్డ్ లోపల రాసిపెట్టిన స్క్రిప్ట్‌కు 755 ఇస్తే పాస్‌వర్డ్‌ను గోడకు అంటించినట్టే. పాస్‌వర్డును వేరే ఫైల్లో పెట్టి, దానికి 600 ఇవ్వండి.

ఇప్పుడు డైరెక్టరీల దగ్గరికి వద్దాం. అనుభవం ఉన్నవాళ్లు కూడా తడబడే చోటు ఇదే. డైరెక్టరీకి ఆర్ అంటే అందులోని పేర్ల జాబితా చూడటం. డబ్ల్యు అంటే పేర్లు చేర్చడం, తీసేయడం. ఎక్స్ అంటే దాని గుండా లోపలికి వెళ్లడం. ఫైలుకు 755 ఉన్నా, దాని దాకా వెళ్లే దారిలో ఒక్క డైరెక్టరీకి మీకు ఎక్స్ లేకపోతే ఫైలు మీకు అందదు. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ల హోమ్ డైరెక్టరీలు 750తో వస్తున్నాయి. మీ హోమ్‌లో స్క్రిప్ట్ పెట్టి, 755 ఇచ్చి, ‘నడుపుకో తమ్మీ’ అని అదే మెషీన్ వాడే పక్కవాడికి చెబితే అతనికి పర్మిషన్ డినైడే వస్తుంది. ఇలాంటప్పుడు ‘నేమ్‌ఐ -ఎల్’ (ఎన్, ఏ, ఎం, ఈ, ఐ) అనే కమాండ్‌కు ఫైలు పూర్తి దారి ఇవ్వండి. మొదటి డైరెక్టరీ నుంచి ఫైలు దాకా ఒక్కొక్క మెట్టు హక్కులూ వరుసగా చూపిస్తుంది. ఎక్కడ ఆగిందో వెంటనే తెలుస్తుంది. ఇంత మంచి కమాండ్‌ను కోర్సుల్లో చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇంకోటి. ఫైలును తొలగించడం ఆ ఫైలు హక్కుల మీద ఆధారపడదు. అది ఉన్న డైరెక్టరీలో మీకు డబ్ల్యు, ఎక్స్ ఉంటే చాలు. ఫైలుకు 444 పెట్టి భద్రంగా ఉందనుకోకండి. డైరెక్టరీ అందరికీ తెరిచి ఉంటే ఎవరైనా దాన్ని తీసేసి అదే పేరుతో కొత్తది పెట్టగలరు. అందరూ రాసుకునే టెంప్ డైరెక్టరీలో చివర ‘టి’ అనే గుర్తు కనిపిస్తుంది. అది స్టిక్కీ బిట్. అక్కడ ఎవరి ఫైలు వాళ్లే తొలగించాలి.

హక్కులు పరిశీలించే క్రమం కూడా తెలిసి ఉండాలి. మీరు యజమాని అయితే కెర్నెల్ యజమాని గుర్తులే చూస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. కాకపోతే గ్రూపు, అదీ కాకపోతే ఇతరులు. యజమానికి ఎక్స్ లేకుండా గ్రూపుకూ ఇతరులకూ ఎక్స్ ఉంటే ఊళ్లో అందరూ నడపగలరు, యజమాని నడపలేడు. గ్రూపులో మిమ్మల్ని కొత్తగా చేర్చినా ఫలితం కనిపించకపోతే ఒకసారి లాగవుట్ చేసి మళ్లీ లాగిన్ అవండి. అప్పటికే తెరిచి ఉన్న సెషన్‌కు కొత్త గ్రూపు తెలియదు.

హక్కులన్నీ సరిగ్గా ఉన్నా స్క్రిప్ట్ నడవని సందర్భాలు మన దగ్గర తరచూ వచ్చేవి రెండున్నాయి. కంపెనీ కంప్యూటర్లో విండోస్ నోట్‌ప్యాడ్‌లో స్క్రిప్ట్ రాసి, ఇంటికి తెచ్చి లైనక్స్‌లో నడిపితే ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ లాంటి సందేశం వస్తుంది. విండోస్ ప్రతి వరుస చివర అదనంగా ఒక గుర్తు పెడుతుంది, అది ఇంటర్‌ప్రెటర్ పేరులో కలిసిపోతుంది. ‘డాస్2యూనిక్స్’తో శుభ్రం చేస్తే సరి. రెండోది పెన్‌డ్రైవ్. దాన్ని విండోస్‌కు కూడా పనికొచ్చేలా ఫార్మాట్ చేసి ఉంటే సాధారణంగా ఆ ఫైల్ సిస్టమ్‌లో యూనిక్స్ హక్కులు దాచుకునే చోటే ఉండదు, సీహెచ్‌మాడ్ ఎన్నిసార్లు కొట్టినా మార్పు నిలవదు. డ్రైవ్ ‘నోఎగ్జెక్’ అనే షరతుతో మౌంట్ అయి ఉంటే ఎక్స్ కనిపిస్తున్నా నడవదు. ‘మౌంట్’ అని కొట్టి చూడండి, లేదా స్క్రిప్ట్‌ను హోమ్‌లోకి కాపీ చేసుకోండి. ‘./’ మరిచిపోతే వచ్చే కమాండ్ నాట్ ఫౌండ్ వేరే జబ్బు. ప్రస్తుత డైరెక్టరీని షెల్ తనంతట తాను వెతకదు. షెల్ ఇచ్చే ఎగ్జిట్ కోడ్ చూసుకుంటే, కమాండ్ దొరకకపోతే 127, దొరికీ నడపలేకపోతే 126.

ఇవన్నీ చిట్కుల్ గదిలోని ఒక్క ల్యాప్‌టాప్‌కు అవసరమా అని అడగవచ్చు. ఇస్నాపూర్ నుంచి ముంబై హైవే మీద రుద్రారం దాటి వెళ్తే కంది వస్తుంది. అక్కడి ఐఐటీ హైదరాబాద్‌లో జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద పెట్టిన పరమ్ సేవ ఉంది, సామర్థ్యం 838 టెరాఫ్లాప్స్. ప్రపంచంలోని 500 మేటి సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబర్ నుంచి ప్రతి ఒక్కటీ లైనక్స్ మీదే నడుస్తోంది. ఇటు పటాన్‌చెరులో 1972 నుంచి ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నాయకత్వంలో కంది పంట జన్యుక్రమం 2011లో, శనగది 2013లో వెలువడ్డాయి. అలాంటి జన్యు విశ్లేషణ పనిముట్లలో అధిక భాగం లైనక్స్ కోసమే రాసినవి. అంత పెద్ద యంత్రాన్ని ఎంతోమంది పంచుకునే చోట మామూలు యూజర్‌కు రూట్ ఇవ్వరు. సుడో అనే మందు అక్కడ దొరకదు. తన ఫైలు, తన గ్రూపు, తన డైరెక్టరీ, వీటి హక్కులు చూసుకోవడం వచ్చినవాళ్లకే పని సాగుతుంది. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో డెవాప్స్ పేరుతో అడిగే ప్రశ్నల్లోనూ ఇవి ఉంటాయి. 755కూ 644కూ తేడా చెప్పమంటే అంకెలు అప్పజెప్పకండి. ఎస్‌ఓపీ ఉదాహరణ చెప్పండి. ఫార్మా నుంచి వచ్చామని వెనక్కి తగ్గే బదులు, హక్కుల విలువ పని చేసే చోటే నేర్చుకున్నామని చెప్పండి. ఆ మాట నిజం కూడా.

కోడ్‌ను గిట్‌లో పెట్టేవాళ్లకు ఒక సూచన. గిట్ మామూలు ఫైళ్ల హక్కులన్నీ దాచుకోదు, నడిపే బిట్ ఉందా లేదా అన్నదొక్కటే గుర్తుపెట్టుకుంటుంది. స్క్రిప్టుకు ఎక్స్ ఇచ్చాకే కమిట్ చేయండి. లేకపోతే సర్వర్‌లో దించుకున్న ప్రతిసారీ అదే తిరస్కారం ఎదురవుతుంది.

ఈ రాత్రి ఒక పని చేయండి. మీ హోమ్ డైరెక్టరీలోకి వెళ్లి ‘ఫైండ్ . -టైప్ ఎఫ్ -పెర్మ్ -002’ అని కొట్టండి. ఎవరైనా మార్చగలిగే ఫైళ్లన్నీ బయటపడతాయి. ఒక్కొక్కదాని దగ్గర ఆగి, దీన్ని చదవాల్సింది ఎవరు, మార్చాల్సింది ఎవరు, నడపాల్సింది ఎవరు అని అడిగి, దానికి తగిన అంకె మీ చేత్తో ఇవ్వండి. మొత్తానికి ఒకేసారి సీహెచ్‌మాడ్ కొట్టేయకండి.